కాలిబ్రేషన్ గురించి కూడా రాయాల్సింది

రేడియో టెలిస్కోపుల మీద మీ వ్యాసంలో, వందల యాంటెన్నాలు పెడితే తొలి నక్షత్రాల కాలం కనిపించేస్తుందని రాశారు. అక్కడే నాకు అభ్యంతరం, కాలిబ్రేషన్ (పరికరం లోపాలను కనిపెట్టి సరిదిద్దడం) ఊసే లేదు. ఆ కాలపు హైడ్రోజన్ వాయువు నుంచి వచ్చే రేడియో సంకేతం కంటే మన పాలపుంత రేడియో వెలుగు పదివేల రెట్లకు పైగా ఎక్కువ. దాన్ని విడదీయడానికి ఉన్న ముఖ్య ఆధారం, ఫ్రీక్వెన్సీ మారేకొద్దీ అది నునుపుగా మారడం. హైడ్రోజన్‌ది అలా ఉండదు. యాంటెన్నా కేబుల్ చివర కాస్త సిగ్నల్ వెనక్కి తిరిగినా చాలు, ఆ నునుపులో అలలు లేస్తాయి. ఇక ఆకాశానిదేదో కేబుల్‌దేదో చెప్పడం మహా కష్టం.

దక్షిణాఫ్రికాలోని కరూ ప్రాంతంలో ఉన్న హెరా రేడియో టెలిస్కోపు 14 మీటర్ల డిష్‌లను సమాన దూరాల్లో పేర్చింది ఇందుకే. ఒకే దూరంలో, ఒకే దిశలో ఉన్న డిష్‌ల జంటలన్నీ ఒకే కొలత ఇవ్వాలి. తేడా వస్తే లోపం పరికరానిదే. ఎంత చక్కటి ఉపాయం! మొత్తం స్కేలు, అంటే సంకేతం అసలు బలం ఎంతో, మాత్రం దీంతో తేలదు, తెలిసిన రేడియో మూలాలతో సరిచూడాల్సిందే.

మన విశాఖ పోర్టులో ఓడలు పిలుచుకునే ఛానెల్ 16 ఉంది కదా, 156.8 మెగాహెర్ట్జ్. విశ్వానికి 60 కోట్ల ఏళ్లు దాటిన నాటి హైడ్రోజన్ తరంగం విశ్వం వ్యాకోచంతో సాగి సాగి ఇప్పుడు ఆ దగ్గరే పడుతుంది. ఇలాంటి మన రేడియో మాటలు అడ్డుపడకుండా టెలిస్కోపులకు జనం లేని చోట్లు వెతుక్కునేది అందుకే. తర్వాతి భాగంలో కాలిబ్రేషన్‌కు ఒక్క పేరా అయినా ఇవ్వండి సార్, ఇక్కడి ఫిజిక్స్ విద్యార్థులకు ఎంతో ఉపయోగం.