బురద అంటని కారుకు తలంటు, బురద సైకిల్‌కు నోటీసు

అపార్ట్‌మెంటు నాగరికతలో నీళ్లు బురదను బట్టి రావు, హోదాను బట్టి వస్తాయి. నమ్మకం లేకపోతే తెల్లవారుజామున మా సెల్లార్‌లోకి దిగి చూడండి. నిన్న ఆఫీసు సెల్లార్‌లో బయల్దేరి, తారు రోడ్డు దిగకుండా వచ్చి మా సెల్లార్‌లో పడుకున్న కారుకు ఒంటిమీద చిటికెడు దుమ్ము ఉంటే గొప్ప. దానికో కుర్రాడు బకెట్టు పెట్టుకుని రోజూ తలంటి పోస్తుంటాడు. చేవెళ్ల వైపు పొలాల గట్లమ్మట తిరిగి, చక్రాల నిండా నల్లరేగడి మోసుకొచ్చిన సైకిల్‌కు మాత్రం గేటు దగ్గరే విచారణ. "సార్, టైల్స్ ఖరాబైతయ్. సెక్రటరీ సారు నన్ను తిడ్తడు" అంటాడు వాచ్‌మన్. అతని తప్పేం లేదు. చట్టం చేసింది అతను కాదు.

ఒకప్పుడు జనరేటర్ గది పక్కన ఓ కుళాయి ఉండేది. నీటి పొదుపు ఉద్యమంలో భాగంగా దాన్ని పీకి పైపుకు డమ్మీ బిగించారు. అదే ఉద్యమంలో భాగంగా కార్లు కడిగేవాళ్లు సంపు మూత ఎత్తి తోడుకుంటున్నారు.

ప్రభుత్వాలు సైకిల్‌ను పట్టించుకోలేదని అంటే కళ్లు పోతాయి. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు ప్రారంభించి, నెత్తిన సోలార్ పలకల కప్పు కూడా వేశారు. దాని కింద తొక్కుతున్నంతసేపు ఎండా తగలదు, వానా తగలదు. చిక్కల్లా ఇంటి నుంచి ఆ ట్రాకు దాకా పరుచుకున్న హైదరాబాదుతోనే. కేబుళ్ల కోసం తవ్వి, పూడ్చామనిపించి వదిలేసిన గోతులకు కప్పు వేసే పథకం ఇంకా రాలేదు.

నీటి లెక్కల్లోనూ ఇదే వరస. నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్లు అని ప్రమాణం రాసుకున్న ఇంజినీర్లకు స్నానం గుర్తొచ్చింది, వంట గుర్తొచ్చింది, సైకిల్‌కు ఓ చెంబు కేటాయించాలని తోచలేదు. బెంగళూరు వాళ్లు 2024 మార్చిలో, ఎద్దడి రోజుల్లో, తాగునీటితో వాహనాలు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. మా కార్యదర్శి గారు ఆ వార్తను వెంటనే వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద "సైక్లిస్టులు గమనించగలరు" అని రాశారు. ఆ సందేశానికి వచ్చిన బొటనవేళ్లన్నీ కార్ల యజమానులవే.

సర్వసభ్య సమావేశంలో నేనీ విషయం లేవనెత్తితే ఆయన చిరునవ్వుతో "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. ఆ సామెత చెప్పిన పెద్దల పట్ల నాకూ గౌరవమే. కానీ అడుసు తొక్కితే కాలు కడుక్కోక తప్పదని, కడుక్కోవడానికి నీళ్లు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయని వాళ్లు ధీమాగా ఉన్నారు. ఊళ్లో చెరువుండేది, కాలువుండేది. గేదె, మనిషి, సైకిల్ ఒకే రేవులో దిగి శుభ్రపడేవి. డమ్మీ బిగించిన పైపు ముందు నిలబడి ఆ సామెత ఎవరూ పుట్టించలేదు.

ఇక మిగిలింది స్నానాలగది. సైకిల్‌ను వెనక చక్రం మీద నిలబెట్టి లిఫ్టు ఎక్కించడం ఒక యోగాసనం. దారి పొడవునా రాలిన మట్టి పెళ్లలను బట్టి ఫ్లాట్ నంబరు కనిపెట్టడం పొరుగువారికి చిటికెలో పని. లోపలికి వెళ్లాక హ్యాండిల్ గీజరు పైపుకు తగులుతుంది, పెడల్ బకెట్టును తన్నుతుంది, సైకిల్ కడిగేవాడు కమోడ్ మీద కూర్చుంటే తప్ప తలుపు పడదు. మగ్గుతో పోసిన నీళ్లకు రేగడి మెత్తబడి, జిగురై, జాలీ దగ్గర బైఠాయిస్తుంది. నీళ్లు వెళ్లవు. గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన మా ఆవిడ "ఇంక దానికి పక్క కూడా వెయ్యమంటారా?" అని మాత్రమే అడిగింది. ప్లంబరు ఫీజు తర్వాత సంగతి.

"వాటర్ సర్వీసింగుకు ఇవ్వచ్చుగా?" అని సలహా ఇచ్చే ఉదారులున్నారు. మోటారు సైకిళ్లు కడిగే ఆ ప్రెషర్ గన్నును సైకిల్ మీదికి తిప్పడం అచ్చంగా పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఆ జోరుకు నీళ్లు హబ్బుల్లోకీ, పెడళ్ల ఇరుసులోకీ దూరి గ్రీజును వెళ్లగొడతాయి. బండి తళతళ మెరుస్తుంది. కొన్నాళ్లకు లోపలి బేరింగులు కరకరమని మాట్లాడటం మొదలుపెడతాయి.

అసలు రహస్యం ఏమిటంటే సైకిల్‌కు కుళాయి అక్కర్లేదు. ఈ మాట పొక్కితే మా పోరాటం నీరుగారిపోతుంది గనుక చదివినవారు కడుపులో పెట్టుకోగలరు.

మొదట చేయాల్సిన పని ఏమీ చేయకపోవడం. ప్రభుత్వ ఫైలు మీద అధికారి చూపే ఓర్పుతో బురదను ఆరనివ్వాలి. తడి బురదను గుడ్డతో రుద్దితే అందులోని ఇసుక పెయింటు మీద గీతలు గీస్తుంది, మిగతాది ఇంకాస్త మేర పరుచుకుంటుంది. ఆరిన రేగడి పెచ్చులుగా లేస్తుంది. బాల్కనీలో పాత పేపర్లు పరిచి, సైకిల్‌ను వాటిమీద నిలబెట్టి, పనికిమాలిన పెయింటు బ్రష్షుతో దులిపితే చాలావరకు అక్కడే రాలుతుంది. బ్రేకుకూ రిమ్ముకూ మధ్య, ఫోర్కు మెడ కింద దాక్కున్న మట్టి బ్రష్షుకు లొంగదు. దానికి చీపురుపుల్ల కావాలి. టైర్లకు కొబ్బరిపీచు. రాలిందంతా తులసి కుండీలో వేయండి. ఇదే మట్టిని సంచిలో పోసి అమ్మితే డబ్బిచ్చి కొంటున్నాం మరి.

తర్వాత అర బకెట్టు నీళ్లు, ఓ పాత బనియన్. తెలుగింట్లో బనియన్‌కు పునర్జన్మ ఉంటుందని వేరే చెప్పాలా? సీటు, హ్యాండిల్ నుంచి కిందికి తుడుచుకుంటూ రావాలి. చైన్ జోలికి ఆఖర్న వెళ్లాలి, లేకపోతే దాని నలుపు సీటుకెక్కి, అక్కణ్నుంచి ప్యాంటుకెక్కుతుంది. గుడ్డను పదేపదే బకెట్టులో జాడించినా సగం బకెట్టు చాలు. అదే గొట్టం పెడితే నిమిషంలో అన్ని నీళ్లు నేలపాలు.

చైన్ దగ్గర మాత్రం నిదానం. ఇసుక, పాత నూనె కలిస్తే ఉప్పుకాగితంతో రుద్దినట్టే చైన్ చక్రం పళ్లను అరగదీస్తాయి. గుడ్డను కాస్త డీజిల్‌తో తడిపి, పొయ్యికి దూరంగా, పాత టూత్‌బ్రష్షుతో లింకు లింకూ తోమి, పొడిగా తుడవాలి. ఆపైన చైన్ ఆయిల్ లింకుకో బొట్టు, పెడల్ వెనక్కి తిప్పుతూ. పైన మిగిలిన నూనెను మళ్లీ తుడిచేయాలి, దుమ్మును పిలిచేది అదే. చేతికందింది కదా అని కొబ్బరినూనె పోసేవాళ్లకు ఓ మాట: 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే నూనె అది, డిసెంబరు పొద్దున్నే సైకిల్‌కు జలుబు చేస్తుంది. రిమ్ము మీద ఏ నూనె పడినా బ్రేకు పనిచేయదు, ఇందులో వ్యంగ్యం లేదు.

ఇంత జరిగాక కూడా కుళాయి మీద హక్కు వదులుకోకూడదని మళ్లీ అర్జీ పెట్టాను. కార్యదర్శి గారు సానుకూలంగానే స్పందించారు. సైకిల్‌ను ముందు టూ వీలర్‌గా నమోదు చేయించి, పార్కింగ్ రుసుము కడితే పరిశీలిస్తామన్నారు. ఫారంలో రిజిస్ట్రేషన్ నంబరు గడి తప్పనిసరి. అక్కడ ఏం రాయమంటారని అడిగాను. వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో చేర్చారు.