కుషింగ్స్ కుక్కకు "మండలం పొడి": ఆ మెసేజ్‌లోని ఒక్కో మాటకు జవాబు

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు కుక్కలు పెంచే వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఆగకుండా తిరుగుతోంది. దాని సారాంశం ఇదీ: "కుక్కల్లో కుషింగ్స్ టెన్షన్ వల్ల వచ్చే జబ్బు. ఇంగ్లీష్ మందులు అడ్రినల్ గ్రంథిని కాల్చేస్తాయి. పరీక్షలన్నీ పైసలు గుంజడానికే. అశ్వగంధ, అతిమధురం, పసుపు, తులసి పొడులు సమానంగా కలిపి, వెల్లుల్లి రసం, కొబ్బరినూనెతో రెండు పూటలా పెట్టండి. వాడుతున్న గోలీలన్నీ మొదటి రోజే ఆపండి. రాత్రి నీళ్లు పెట్టకండి. ఒక మండలంలో జబ్బు పోతుంది." కొన్ని గ్రూపుల్లో దీనికి ఇంకో మాట తగిలించారు, మన దగ్గర ఈ జబ్బుకు అసలు కారణం ఫ్లోరైడ్ నీళ్లేనని.

నేను నల్గొండలో పెంపుడు జంతువులకు వైద్యం చేస్తాను. ఈ మెసేజ్ చూపించి "పెట్టమంటారా సార్" అని అడిగేవాళ్లున్నారు. అడగకుండానే మొదలుపెట్టి, కుక్క లేవలేని స్థితికి వచ్చాక ఎత్తుకొచ్చేవాళ్లూ ఉన్నారు. మూలికల మీద నాకు చిన్నచూపు లేదు. దగ్గొస్తే మా ఇంట్లోనూ అతిమధురం చప్పరిస్తాం. నా అభ్యంతరం ఒక్కటే. కుషింగ్స్ అంటే ఒంట్లో కార్టిజాల్ అనే హార్మోన్ మితిమీరే జబ్బు. కార్టిజాల్ ఎక్కడి నుంచి ఎక్కువవుతోందో తెలుసుకోకుండా ఏది పెట్టినా, నాటు మందైనా ఇంగ్లీష్ మందైనా, అది కుక్క ప్రాణంతో చెలగాటమే.

"ఇది టెన్షన్ జబ్బు"

కార్టిజాల్‌ను ఒత్తిడి హార్మోన్ అంటారు కాబట్టి ఈ మాట నిజమేననిపిస్తుంది. కానీ కుషింగ్స్‌లో అది పెరిగేది పటాకుల చప్పుడుకో, ఇంట్లోవాళ్లు ఊరెళ్లారనో కాదు. సహజంగా ఈ జబ్బు వచ్చిన 100 కుక్కల్లో 80 నుంచి 85 కుక్కలకు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ ఉంటుంది. ఆ గడ్డ ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను ఆపకుండా వదులుతుంది. దానికి లోబడి, కిడ్నీల పక్కనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిజాల్ తయారుచేస్తూనే ఉంటాయి. మిగతా వాటిలో గడ్డ అడ్రినల్‌లోనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో కార్టిజాల్ సరిపడా కాగానే పిట్యూటరీ వెనక్కి తగ్గుతుంది. గడ్డకు ఆ అదుపు లేదు. మనుషుల్లో ఈ లక్షణాలను 1912లో వివరించి, 1932లో పిట్యూటరీ గడ్డతో ముడిపెట్టిన అమెరికా న్యూరోసర్జన్ హార్వే కుషింగ్ పేరే ఈ జబ్బుకు వచ్చింది. కుక్కను ప్రశాంతంగా ఉంచడం మంచిదే. దాంతో గడ్డ మాత్రం కరగదు.

ఈ జబ్బు చాలా నెమ్మదిగా వస్తుంది. నడివయసు దాటిన కుక్క గిన్నె ఖాళీ చేసి బాత్రూం బకెట్‌లో తల పెడుతుంది. ఎప్పుడూ ఇంట్లో పోయనిది పడుకున్న చోటే మూత్రం పోస్తుంది. అన్నం ఎంత పెట్టినా ఇంకా కావాలంటుంది. పొట్ట కిందికి జారుతుంది, తొడలు సన్నబడతాయి, చల్లటి పూట కూడా రొప్పుతుంది. నేను తప్పకుండా చూసే ఇంకో గుర్తుంది. రక్తం తీయడానికి ముంగాలి మీద వెంట్రుకలు గీస్తే ఆ జాగా నెలల తరబడి బోడిగానే ఉండిపోతుంది. వెల్లకిలా పడుకోబెడితే పొట్ట చర్మం పలచబడి నీలి నరాలు కనిపిస్తాయి. మన దగ్గర వీటిని చాలామంది పట్టించుకోరు. మే నెలలో 45 డిగ్రీల ఎండ కాసే జిల్లాలో కుక్క నీళ్లు తాగి రొప్పితే ఎండలనే అనుకుంటారు. లావైతే బాగా తింటోందని సంతోషపడతారు.

"ఈ పొడితో మండలంలో పోతుంది"

ఇక్కడ నాకు నిజంగా భయం వేసేది అతిమధురం. మిగతావన్నీ పనిచేయకపోతే పనిచేయలేదని సరిపెట్టుకోవచ్చు. ఇది జబ్బు చేసే హానినే పెంచుతుంది. కిడ్నీల్లో ఒక ఎంజైము ఉంటుంది. కార్టిజాల్‌ను కార్టిజోన్‌గా మార్చి, కిడ్నీ మీద దాని ప్రభావం పడకుండా చూడటం దాని పని. అతిమధురంలోని గ్లైసిరైజిన్ సరిగ్గా ఆ ఎంజైమునే అడ్డుకుంటుంది. అప్పుడు ఒంట్లో ఉన్న కార్టిజాల్ కిడ్నీ మీద తన ప్రతాపం చూపిస్తుంది. ఉప్పు, నీరు ఒంట్లో నిలిచిపోతాయి, పొటాషియం బయటికి పోతుంది, బీపీ పెరుగుతుంది. అతిమధురం ఎక్కువగా తిన్న మనుషుల్లో కూడా ఇదే జరుగుతుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. కుషింగ్స్ కుక్కల్లో చాలావాటికి బీపీ ముందే ఎక్కువగా ఉంటుంది. కార్టిజాల్ పొంగిపొర్లే కుక్కకు రెండు పూటలా అతిమధురం పెట్టమన్న మనిషి ఈ జబ్బు గురించి ఒక్క పేజీ కూడా చదవలేదన్నమాట.

అశ్వగంధ మీద మనుషుల్లో కొన్ని చిన్న అధ్యయనాలు జరిగాయి. ఒత్తిడిలో ఉన్నవాళ్లలో కార్టిజాల్ కొద్దిగా తగ్గినట్టు వాటిలో కనిపించింది. ఆ మనుషులకు పిట్యూటరీలో గడ్డ లేదు. అక్కడ తగ్గింది కాబట్టి ఇక్కడా తగ్గుతుందనడానికి ఆధారం లేదు. పసుపు, తులసి చిటికెడు వేస్తే హాని లేదు, ఈ జబ్బుకు ఉపయోగమూ లేదు. వెల్లుల్లి మాత్రం ఉల్లిగడ్డ జాతిదే. ఎక్కువైతే కుక్క ఎర్రరక్తకణాలు పగిలి రక్తహీనత వస్తుంది. ఇక కొబ్బరినూనె. కుషింగ్స్ కుక్కల రక్తంలో కొవ్వు ముందే ఎక్కువగా ఉంటుంది, క్లోమం వాచే ప్రమాదం వాటికి మామూలు కుక్కలకన్నా ఎక్కువ. రోజూ చెంచాల కొద్దీ నూనె వాటికి అసలే పెట్టకూడదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. సహజ పద్ధతుల్లో వైద్యులు కూడా ఆలోచించిన జంట ఒకటుంది, నిద్రకు సంబంధించిన హార్మోన్ మెలటోనిన్, అవిసె గింజల్లో ఉండే లిగ్నాన్లు అనే పదార్థాలు. అడ్రినల్‌లోని కొన్ని ఎంజైములను ఇవి కొద్దిగా తగ్గిస్తాయన్న ఆలోచనతో తేలికపాటి కేసుల్లో కొందరు వాడతారు. గడ్డ వల్ల వచ్చిన పూర్తిస్థాయి కుషింగ్స్‌ను ఇవి అదుపులో పెడతాయని మాత్రం గట్టి రుజువు లేదు. ఇది తెలిసి, వైద్యుడితో మాట్లాడి వాడుకుంటే నేను వద్దనను.

మరి "మా కుక్కకు తగ్గింది" అనేవాళ్ల సంగతి? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మేలో మొదలుపెట్టిన మండలం జూన్ చివరికి ముగుస్తుంది. వానలు పడ్డాక ఏ కుక్కైనా తక్కువ నీళ్లే తాగుతుంది. కొన్ని కుక్కలకు అసలు కుషింగ్సే ఉండదు. ఇంకో సంగతి కూడా ఉంది. మూలికా పొడి పేరుతో అమ్మే వాటిలో స్టెరాయిడ్ కలిపినవి మన దేశంలో ఎన్నోసార్లు బయటపడ్డాయి. అలాంటి పొడి పెడితే దురద రెండు రోజుల్లో మాయమవుతుంది, కుక్క హుషారుగా తింటుంది, లోపల కుషింగ్స్ ముదురుతుంది.

"గోలీలన్నీ మొదటి రోజే ఆపండి"

మొత్తం మెసేజ్‌లో కుక్కను అన్నిటికన్నా తొందరగా చంపగల వాక్యం ఇదే.

కుషింగ్స్‌లో గడ్డ లేకుండా వచ్చే రకం కూడా ఉంది, కార్టిజాల్‌లాగే పనిచేసే స్టెరాయిడ్ మందులు మనం పెట్టడం వల్ల వచ్చేది. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఇవి తక్కువేమీ కాదు. కుక్కకు గోమార్లు పట్టి గోకుడు మొదలవుతుంది. తెలిసినాయన డెక్సామెథసోన్ సూది వేస్తాడు, లేదా మెడికల్ షాపులో ప్రెడ్నిసోలోన్ గోలీలు ఇస్తారు. గోకుడు ఆగుతుంది. మళ్లీ మొదలైతే మళ్లీ అదే స్ట్రిప్పు. చెవికి వేసే చుక్కల్లో, చర్మానికి రాసే ట్యూబుల్లో కూడా స్టెరాయిడ్ ఉంటుంది. ఇలా నెలలు గడిచాక పొట్ట జారి, వెంట్రుకలు ఊడిన కుక్కను తెస్తారు. "ఏం మందులు వాడారు" అంటే "ఏమీ లేవు సార్, గోకుడు గోలీలే" అంటారు. ఇంట్లో ఉన్నవన్నీ తెమ్మంటే ఒక క్యారీబ్యాగు టేబుల్ మీద గుమ్మరిస్తారు. సగం చింపిన స్ట్రిప్పులు, మూత పోయిన ట్యూబు, పేరు చెరిగిపోయిన చుక్కల సీసా. చాలాసార్లు నాకు జవాబు ఆ క్యారీబ్యాగులోనే దొరుకుతుంది.

బయటి నుంచి స్టెరాయిడ్ వస్తున్నన్నాళ్లూ కుక్క సొంత అడ్రినల్ గ్రంథులు పని మానేసి కుంచించుకుపోతాయి. ఇప్పుడు మెసేజ్‌ను నమ్మి ఒక్కసారిగా ఆపితే ఒంట్లో కార్టిజాల్ ఎక్కడి నుంచీ రాదు. వాంతులు, విరేచనాలు, వెనక కాళ్లు తేలిపోవడం, కుప్పకూలడం, పట్టించుకోకపోతే చావు. ఈ కుక్కలకు డోసు మెల్లగా, వారాల తరబడి తగ్గించుకుంటూ రావాలి. అలా తగ్గిస్తే చాలావాటికి పొడీ అక్కర్లేదు, కుషింగ్స్‌కు మేమిచ్చే మందు ట్రైలోస్టేనూ అక్కర్లేదు. వెంట్రుకలు వాటంతటవే వస్తాయి. దురదకు అసలు కారణమైన గోమార్లకో, గజ్జికో విడిగా వైద్యం చేయాలి.

"ఇంగ్లీష్ మందులు అడ్రినల్‌ను కాల్చేస్తాయి"

ఇందులో సగం నిజముంది, ఆ సగాన్ని దాచను. పాతకాలం మందు మైటోటేన్, డీడీటీ కుటుంబానికి చెందినది, అడ్రినల్ పై పొరను నిజంగానే నాశనం చేస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే ట్రైలోస్టేన్ పని తీరు వేరు. కార్టిజాల్ తయారీలో ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. మందు ఆపితే మామూలుగా ఆ అడ్డు తొలగిపోతుంది. అరుదుగా దీనివల్ల కూడా గ్రంథి దెబ్బతిన్న కేసులున్నాయి. ఇది మనుషుల మందుగా 1994లో అమెరికా మార్కెట్ నుంచి వెళ్లిపోయిన మాటా నిజమే. కుక్కల కుషింగ్స్‌కు మాత్రం అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008 డిసెంబరులో అనుమతి ఇచ్చింది.

ట్రైలోస్టేన్ గడ్డను తీసేయదు. జబ్బు పోదు, అదుపులో ఉంటుంది. నీళ్లు తాగడం కొన్ని వారాల్లో తగ్గుతుంది, వెంట్రుకలకు నెలలు పడుతుంది. మందు వాడిన కుక్కలు సగటున రెండేళ్లు బతుకుతాయి. ఇది తక్కువని అనిపించొచ్చు, కానీ ఈ జబ్బు వచ్చేదే ముసలి వయసులో, చాలా కుక్కలు వేరే కారణాలతో పోతాయి. డోసు ఎక్కువైతే కార్టిజాల్ మరీ పడిపోతుంది. అందుకే మొదలుపెట్టిన 10 నుంచి 14 రోజులకు ఒకసారి, మళ్లీ నెలకు, తర్వాత మూడు నెలలకోసారి పరీక్ష. మందు అన్నంతోనే పెట్టాలి. కుక్క అన్నం ముట్టకపోయినా, వాంతి చేసుకున్నా, మందంగా పడుకున్నా ఆ పూట మందు ఇవ్వకుండా డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె ఈ క్యాప్సూళ్లు ముట్టుకోకూడదు. మందు ఇచ్చే ప్రతి ఇంటికీ ఈ జాగ్రత్తలు నోటితో చెప్పాలి, కాగితం మీదా రాసివ్వాలి. చెప్పని వైద్యుల మీద జనానికి కోపం రావడం న్యాయమే. ఆ కోపాన్నే ఈ మెసేజ్ వాడుకుంటోంది.

"పరీక్షలు పైసలు గుంజడానికే"

ఖర్చు బరువన్న మాట నేను కాదనను. మన ప్రభుత్వ పశువుల దవాఖానలు ప్రధానంగా బర్రెలు, ఆవులు, గొర్రెల కోసం నడుస్తున్నాయి. అల్ట్రాసౌండ్‌కో, హార్మోన్ పరీక్షకో చాలామంది హైదరాబాద్ దాకా, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి దాకా పోవాల్సి వస్తుంది. పొద్దున బయల్దేరితే చీకటి పడ్డాకే ఇల్లు చేరేది. ఎందుకంటే ముఖ్యమైన పరీక్షకే ఎనిమిది గంటలు పడుతుంది. ముందు ఒకసారి రక్తం తీసి, కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ ఇచ్చి, నాలుగో గంటకు, ఎనిమిదో గంటకు మళ్లీ తీస్తారు. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో కార్టిజాల్ అణిగిపోతుంది, కుషింగ్స్‌లో అణగదు.

ఇది లేకుండా ఎందుకు కుదరదంటే, ఎక్కువ నీళ్లు తాగే జబ్బులు చాలా ఉన్నాయి. షుగర్, కిడ్నీ జబ్బు, ఆడకుక్కలో గర్భసంచికి చీము పట్టడం. చీము పట్టిన కుక్కకు మండలం పాటు పొడి పెడితే మండలం పూర్తికాకముందే చనిపోతుంది. అయితే అందరికీ అన్ని పరీక్షలూ అక్కర్లేదు. ఉదయం మూత్రం, మామూలు రక్తపరీక్షతో మొదలుపెట్టొచ్చు, అవి జిల్లాలోనే అవుతాయి. లక్షణాలేవీ లేని కుక్కకు, ఏదో రక్తపరీక్ష రిపోర్టులో ఏఎల్‌పీ అనే ఎంజైము ఎక్కువ వచ్చిందని, కుషింగ్స్ పరీక్ష చేయించొద్దు. అమెరికా వెటర్నరీ ఇంటర్నల్ మెడిసిన్ కాలేజీ 2013లో ప్రచురించిన మార్గదర్శకాలూ లక్షణాలు ఉంటేనే పరీక్ష అంటాయి. బాగా ముసలిదై, ఇంకో పెద్ద జబ్బు కూడా ఉన్న కుక్కకు ట్రైలోస్టేన్ వద్దనుకోవడం కూడా ఒక మర్యాదైన నిర్ణయమే. దాన్ని పొడితో కప్పిపుచ్చుకోనక్కర్లేదు.

ఫ్లోరైడ్, రాత్రి నీళ్లు

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ ఎముకలనూ పళ్లనూ ఏం చేసిందో ఈ జిల్లావాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. దానికీ కుక్కల పిట్యూటరీ గడ్డకూ సంబంధం ఉందని ఎక్కడా తేలలేదు. నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య లేని చోట్లా ఈ జబ్బు ఉంది.

నీళ్లు మాత్రం ఏ పూటా ఆపొద్దు. ఎక్కువ నీళ్లు తాగడం వల్లే ఈ కుక్క ఎక్కువ మూత్రం పోస్తోందనుకోవద్దు, మూత్రం ఆగకుండా పోతోంది కాబట్టే తాగుతోంది. రాత్రంతా గిన్నె తీసేస్తే, అందులోనూ మన ఎండాకాలంలో, తెల్లారేసరికి ఒంట్లో నీరు ఎండిపోతుంది. పరుపు తడుస్తోందని ఇబ్బందైతే పడుకునే ముందు ఒకసారి, మధ్యరాత్రి ఒకసారి బయటికి తీసుకెళ్లండి. లీటరు సీసాతో కొలిచి పోసి, రోజుకు ఎంత తాగిందో రాసుకోండి. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే పది కిలోల కుక్క రోజుకు లీటరు పైన తాగితే, ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి రండి.

ఇదంతా చెప్పాక ఎక్కువమంది అడిగేది, అతిమధురం, వెల్లుల్లి, నూనె తీసేసి మిగతాది పెట్టొచ్చా అని. ట్రైలోస్టేన్ వాడుతున్న కుక్కకు అశ్వగంధ నాకు చెప్పకుండా పెట్టకండి. కుక్క వాంతి చేసుకున్నప్పుడు అది పొడి పడకనా, కార్టిజాల్ పడిపోయా అన్నది ఆ రాత్రి తేల్చుకోవాల్సింది నేను. ఏం పెట్టినా, ఎవరిచ్చినా, ఆ డబ్బా మూతతో సహా తీసుకురండి.