గంధం పూతకు పీయూష గ్రంథి కణాలు పుట్టవు

తిరుపతిలో నేనున్న వాట్సాప్ గ్రూపులన్నింటిలోనూ, ఉదయపు నడక మిత్రులది మొదలుకొని అపార్ట్‌మెంట్ వారిది వరకు, ఒకే సందేశం తిరుగుతోంది. కనుబొమల మధ్య గంధం రాసి 21 రోజులు నొక్కితే, మెదడు అడుగున ఉండి హార్మోన్లను విడుదల చేసే పీయూష గ్రంథిలో (పిట్యూటరీలో) కొత్త కణాలు పుట్టి పిల్లలు పొడవు పెరుగుతారట. ఇక హార్మోను ఇంజెక్షన్లూ మాత్రలూ అక్కర లేదట. పంపుతున్నవారిలో చదువుకున్నవారే ఎక్కువ కావడం వల్ల జవాబు రాయక తప్పడం లేదు.

ఈ గ్రంథి మెదడులోని ఒక ముక్క అనీ, అదే మూడో కన్ను అనీ సందేశం అంటోంది. మొదటి మాట సగమే నిజం. వెనుక భాగం మెదడు నుంచే దిగుతుంది. ముందు భాగం మాత్రం పిండానికి నాలుగో వారం ప్రాంతంలో నోటి పైకప్పు పొర సంచిలా పైకి ముడుచుకోవడంతో మొదలవుతుంది. ఆ సంచిని రాథ్కే 1838లోనే వర్ణించాడు. ఇక మూడో కన్నుగా చెప్పుకునేది మెదడులోని మరో గ్రంథిని, పీనియల్‌ను. సందేశకర్త ఏకంగా గ్రంథినే మార్చేశాడు.

కణాలన్నీ ఒకటేననీ, సంకల్పాన్ని బట్టి ఏ హార్మోనునైనా ఇస్తాయనీ మరో మాట. ఏ కణం ఏ హార్మోను చేయాలో జన్యువులు నిర్ణయిస్తాయి. టీపిట్ అనే జన్యువు ఉంటేనే ఏసీటీహెచ్ (అడ్రినల్ గ్రంథుల చేత కార్టిసాల్ చేయించే హార్మోను) కణాలు సరిగ్గా ఏర్పడతాయి. ప్రాప్1 అనే జన్యువు దారి చూపాక పిట్1 అనే మరో జన్యువు గ్రోత్ హార్మోన్, ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోను), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను) కణాలను రూపొందిస్తుంది. సంకల్పించవలసినవాడు పుట్టకముందే ఈ పని చాలావరకు ముగుస్తుంది.

కొత్త కణాలు పుడతాయన్న మాటలో కొంత నిజముందని ఒప్పుకుంటాను. పెద్దయ్యాక కూడా ఈ గ్రంథిలో మూలకణాలు ఉంటాయి. వాటి నుంచి హార్మోను కణాలు రావడాన్ని ఎలుకల్లో చూశారు. అయితే పుట్టుకతో ప్రాప్1 లోపమున్న బిడ్డ మూలకణంలోనూ అదే లోపం ఉంటుంది కదా! దాన్ని ఏ గంధం సరిదిద్దుతుందో సెలవివ్వాలి. పైగా ఎముక గుంటలో కూర్చున్న గ్రంథిని నుదుటి మీది వేలు ఎలా చేరుతుందో కూడా.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది, ఇంజెక్షన్లు సహజ కణాలను నిద్రపుచ్చుతాయి కాబట్టి మానేయమన్న సలహా. పిట్1 లోపంతో పుట్టిన బిడ్డలో ఆ కణాలు సరిగ్గా ఏర్పడనే లేదు. విత్తనమే పడని చేలో వేరుశనగ నిద్రపోయిందని ఎవరైనా అంటారా? అటువంటి పసిబిడ్డకు థైరాయిడ్ మాత్ర ఆపితే ఎదుగుదలే కాదు, బుద్ధి వికాసమూ దెబ్బతింటుంది. ప్రాప్1 లోపమున్నవారిలో కొందరికి ఏసీటీహెచ్ కొరత కొన్నేళ్ల తర్వాత బయటపడుతుంది. వారికి ఆ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఆపితే మామూలు జ్వరానికే రక్తపోటు, చక్కెర పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఎక్కువ కాలం వాడిన స్టెరాయిడ్ మాత్రలు ఏసీటీహెచ్ కణాలను నిజంగానే నిద్రపుచ్చుతాయి, ఆ ఒక్క ముక్క సందేశకర్త సరిగ్గానే విన్నాడు. సరిగ్గా ఆ కారణానికే వాటిని హఠాత్తుగా ఆపకూడదని మాత్రం వినలేదు.

పిల్లలను త్వరగా పడుకోబెట్టమన్న చివరి మాటతో నాకు పేచీ లేదు. గ్రోత్ హార్మోన్ గాఢనిద్రలోనే ఎక్కువగా విడుదలవుతుంది.

ఈ సందేశం చదివి మందులు ఆపినవారుంటే నేడే తమ వైద్యుణ్ణి కలవాలి. మన ఊళ్లోనే స్విమ్స్‌లో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. స్టెరాయిడ్ మాత్ర ఆపిన బిడ్డకు వాంతులో, విడవని మగతో కనిపిస్తే ఓపీ వేళ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికే తీసుకువెళ్లాలి.