బస్తా ఎత్తే ముందు

లారీ డ్రైవరు పొద్దున్నే బండి స్టార్ట్ చేసి వెంటనే గేరు వేయడు. ఇంజిన్ కాసేపు తిరగాలి, బ్రేకులకు చాలినంత ఎయిర్ నిండాలి. ఈలోగా దిగి టైర్లు తట్టి చూసుకుంటాడు, వీలుంటే టీ తాగుతాడు. దీన్ని ఏ ఓనరూ ఆలస్యం అనడు. బండి పాడైతే పోయేది తన డబ్బని ఓనరుకు తెలుసు. అదే లారీ వెనక తలుపు తీసేసరికి లెక్క మారిపోతుంది. పదిమందితో ఆటోలో ఇరుక్కుని వచ్చి దిగిన హమాలీ, కాలు చాపుకునే వ్యవధి కూడా లేకుండా యాభై కిలోల బస్తాకు వీపు వంచుతాడు. ఆ నడుము పట్టేస్తే పోయేది అతని కూలే.

బరువు పనులు చేసేవాళ్లకు పని మొదలయ్యే ముందు అయిదు నిమిషాల వార్మప్ ఉండాలనీ, ఆ అయిదు నిమిషాలకూ కూలి లెక్క కట్టాలనీ మేము కోరుతున్నాం. ఇందులో మొదటి సగాన్ని ప్రశ్నించేవాళ్లున్నా గట్టిగా అడ్డు చెప్పేవాళ్లు తక్కువ. అసలు పేచీ రెండో సగం దగ్గరే వస్తుంది.

రోజంతా కష్టం చేసేవాడికి మళ్లీ కసరత్తు దేనికి అని అడిగేవాళ్లు చాలామందే ఉంటారు. హమాలీలు కూడా నవ్వుతూ అదే అంటారు. కానీ కష్టం వేరు, కసరత్తు వేరు. తాలింఖానాలో దండీలు, బస్కీలు తీసేవాడు అలిసిపోతే ఆగుతాడు, నొప్పి పుడితే మానేస్తాడు, మర్నాడు విశ్రాంతి తీసుకుంటాడు. లారీ దింపేవాడికి ఆ వెసులుబాటు లేదు. ఒకే కదలిక, ఒకే భుజం, గంటల తరబడి. ఖాళీ సమయంలో చేసే వ్యాయామం గుండెకు చేసే మేలు, పనిలో భాగంగా పడే శ్రమ చేయడం లేదని డెన్మార్క్ పరిశోధకులు కొన్నేళ్లుగా చెబుతున్నారు. మన ఊళ్లలో ఇది చెప్పడానికి పరిశోధన అక్కర్లేదేమో. ముప్పై ఏళ్లు మూటలు మోసిన మనిషి మెట్లు ఎలా దిగుతాడో చూస్తే చాలు.

ఒక చిన్న లెక్క. పది టన్నుల సరుకున్న లారీలో యాభై కిలోల బస్తాలు 200. నలుగురు దింపితే తలా యాభై. అంటే ఒక్కో మనిషి వీపు మీదుగా రెండున్నర టన్నులు దిగినట్టు. అదీ ఒక్క లారీకే. సీజన్లో గుంటూరు మిర్చి యార్డుకు లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) పైబడి వచ్చే రోజులుంటాయి. ప్రతి టిక్కీనీ ఎవరో ఒకరు దించాలి, కాటా మీద పెట్టాలి, మళ్లీ ఎత్తాలి.

తెల్లవారుజామున ఒళ్లు బరువుకు సిద్ధంగా ఉండదు. కండరాలు చల్లగా, బిగుసుకుని ఉంటాయి. వాటికి రక్తం బాగా అందడానికి, కీళ్లు సాఫీగా ఆడటానికి కొన్ని నిమిషాల కదలిక కావాలి. ఇది చాలామందికి తెలిసిన సంగతే. అంతగా తెలియనిది వెన్నెముక సంగతి. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున లేచేటప్పటికి మనిషి రాత్రికన్నా సెంటీమీటరుకు పైగా పొడవుంటాడు. లేచి తిరగడం మొదలుపెట్టాక ఆ పెరిగిన పొడవులో సగం దాకా మొదటి గంటలోనే తగ్గిపోతుంది. ఆ గంటలో ముందుకు వంగితే డిస్కు మీద పడే ఒత్తిడి మామూలుకన్నా బాగా ఎక్కువ. దీర్ఘకాలంగా నడుము నొప్పి ఉన్నవాళ్ల చేత ఉదయం పూట వంగడం మాన్పిస్తే నొప్పి తగ్గినట్టు 1998లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం చూపింది.

మరి తెల్లారకముందే మన ఊళ్లలో నడుము వంచేది ఎవరు? పారిశుద్ధ్య కార్మికులు, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్లు. మస్టర్ పాయింట్ దగ్గర హాజరు పడగానే పొట్టి చీపురు పట్టుకుని వంగితే, వీధి చివరిదాకా వంగే ఉంటారు. వాళ్లకు వార్మప్‌తో పాటు పొడుగు కర్ర బిగించిన చీపురు కూడా కావాలి. దాని ఖరీదు ఎంతని? అది ఇవ్వకుండా యోగా దినోత్సవం నాడు వాళ్లందరినీ వరుసలో నిలబెట్టి ఫొటోలు దిగడం మాకు మింగుడుపడదు.

ఇంకో సంగతి. వెనకటి రోజుల్లో నాట్లకు వెళ్లే ఆడకూలీలు మైలో రెండు మైళ్లో గట్ల వెంట నడిచి పొలం చేరేవాళ్లు. ఎవరూ దాన్ని వార్మప్ అనలేదు కానీ అది వార్మప్పే. ఇప్పుడు ఆటో గట్టు దాకా వస్తోంది. మోకాళ్లు ముడుచుకుని అరగంట కూర్చుని, దిగీ దిగగానే బురదలో వంగుతున్నారు. ఆటో వద్దని మేము అనడం లేదు. పోయిన ఆ నడకను నాలుగు నిమిషాలైనా తిరిగి తెచ్చుకోవాలి.

జపాన్‌లో ఈ పద్ధతికి దాదాపు వందేళ్లు. అక్కడి రేడియోలో 1928 నవంబరులో ‘రేడియో తైసో’ మొదలైంది. పియానో సంగీతానికి తగ్గట్టు చేసే కదలికలు, మూడు నిమిషాల చిల్లర. ఈ ఆలోచన తెచ్చింది వైద్యులు కారు, తపాలా శాఖలోని జీవిత బీమా విభాగం. అమెరికాలో ఒక బీమా కంపెనీ చేస్తున్నది చూసి పట్టుకొచ్చారు. జనం ఎక్కువకాలం బతికితే బీమా వాళ్లకే లాభం కదా! యుద్ధకాలంలో దాన్ని కవాతులా వాడుకున్నారని ఓడిపోయాక ఆపేశారు. 1951లో కొత్త రూపంలో మళ్లీ మొదలై, నేటికీ ఉదయం ఆరున్నరకు వస్తోంది. అక్కడ భవన నిర్మాణ సైట్లలో హెల్మెట్లు పెట్టుకున్న కార్మికులు, ఇంజినీర్లు అందరూ కలిసి అది చేశాకే పనిలోకి దిగడం మామూలు దృశ్యం. ఇంజినీరు కూడా చేతులు తిప్పుతాడు కాబట్టి అక్కడ ఎవరికీ సిగ్గు అనిపించదు.

మన దగ్గరా పెద్ద కంపెనీల సైట్లలో పనికి ముందు కూలీలను నిలబెట్టి భద్రత గురించి నాలుగు మాటలు చెప్పే అలవాటు వచ్చింది. టూల్‌బాక్స్ టాక్ అంటారు. ఎలాగూ అందరూ నిలబడతారు కనుక వార్మప్‌కు అదే సరైన చోటు. అపార్ట్‌మెంట్లు కట్టే చిన్న బిల్డరు దగ్గర, అడ్డా మీది నుంచి ఏ పూటకాపూట కూలీని పట్టుకెళ్లే మేస్త్రి దగ్గర ఇవేవీ ఉండవు.

వార్మప్ చేస్తే గాయాలే ఉండవని చెబితే అది అబద్ధం. ఆటల్లో దీనికి రుజువులు గట్టివి. ఫుట్‌బాల్ క్రీడాకారుల కోసం తయారుచేసిన ఇరవై నిమిషాల వార్మప్ ‘ఫిఫా 11 ప్లస్’తో గాయాలు బాగా తగ్గాయి. పనిచోట చేసిన అధ్యయనాల ఫలితాలు మాత్రం అంత ఏకధాటిగా లేవు. అందులో ఒక కారణం ఏం చేయిస్తున్నారన్నదే. నిలబడి కాలి వేళ్లు ముట్టుకుని నిమిషం పైగా అలాగే సాగదీసి ఉంచితే కండరం బలం కాసేపు తగ్గుతుంది. పైగా పొద్దున్నే అలా వంగడం డిస్కుకు మంచిది కాదని పైన చెప్పుకున్నాం. బడిలో డ్రిల్లు మాస్టారు నేర్పిందే ఇక్కడా చేయిస్తే లాభం లేదు. రెండు నిమిషాలు చురుగ్గా నడక, ఉన్నచోటే మోకాళ్లు ఎత్తడం, సగం దాకా గుంజీలు, భుజాలు, చేతులు గుండ్రంగా తిప్పడం, ఆ తర్వాత మొదటి కొద్ది బస్తాలు ఇద్దరు చేరి ఎత్తడం. పెయింటరుకు, టైల్స్ మేస్త్రికి భుజాలు, మణికట్లు, మోకాళ్ల మీద ఎక్కువ ధ్యాస. అన్నీ నిలబడే చేయవచ్చు. చీర మీద చొక్కా తొడుక్కుని ఇటుకలు మోసే ఆడవాళ్లకు ఇబ్బంది కలిగించేది ఒక్కటీ అందులో ఉండకూడదు. మే నెలలో అయితే నీడలో, ఇంకా తక్కువసేపు, నీళ్లు తాగి చేయాలి.

ఇంతకన్నా పెద్ద సంగతి బరువు. పనిలో ఒక మగమనిషి మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ వేసిన లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నా ఎత్తదగిన బరువు 23 కిలోలే. గోదావరి జిల్లాల్లో ధాన్యం లెక్క నేటికీ 75 కిలోల బస్తాల్లోనే నడుస్తోంది. తెలంగాణ కొనుగోలు కేంద్రాల్లో 40 కిలోల సంచి వచ్చింది. అంటే సంచి చిన్నది చేయడం సాధ్యమే. బస్తా బరువు తగ్గించకుండా, ట్రాలీ కొనకుండా, వార్మప్ ఒక్కటి పెట్టి చేతులు దులుపుకుంటే ఆ తర్వాత నడుము పట్టేసినప్పుడు ‘నువ్వు సరిగ్గా కసరత్తు చేయలేదు’ అనే మాట కూడా కూలీ మీదికే వస్తుంది. ఆ టెన్షన్ మాకుంది.

గాయం కలిగించేంత బరువు ఎవరి చేతా మోయించరాదని 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబరులో దాని స్థానంలోకి కొత్త లేబర్ కోడ్ వచ్చింది. ఏది వచ్చినా మార్కెట్ యార్డు ఫ్యాక్టరీ కాదు, అక్కడి హమాలీకి ఫలానావాడు యజమాని అని వేలు పెట్టి చూపలేం. రైతు సరుకు, వ్యాపారి కొనుగోలు, కమిటీ యార్డు, మధ్యలో హమాలీల జట్టును నడిపే ముఠా మేస్త్రి. మహారాష్ట్ర 1969లో మాథాడీ (బరువులు మోసే) కార్మికులకు, కేరళ 1978లో తలమోత కార్మికులకు ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. మన దగ్గర హమాలీ సంఘాలు సంక్షేమ బోర్డు అడుగుతూనే ఉన్నాయి.

ఇక కూలి లెక్క. హమాలీకి జీతం లేదు, బస్తాకు ఇంత అని రేటు. ఒక ముఠా అయిదు నిమిషాలు ఆగితే పక్క ముఠా లారీ ఎక్కేస్తుంది. అలాంటి చోట ఆరోగ్యం గురించి ఎంత చక్కగా బోధించినా పని జరగదు. ఆగితే అందరూ ఆగాలి, ఆగినందుకు ఎవరికీ నష్టం రాకూడదు. యార్డుల్లో ఇది అంత కష్టం కాదని మా అభిప్రాయం. వేలం పాటకు ఒక వేళ ఉంది, దానికి ముందు మైకు ఎలాగూ మోగుతుంది. గుంటూరులోనో వరంగల్ ఏనుమాములలోనో ఈ సీజన్లోనే మొదలుపెట్టవచ్చు. ఆ మైకును అయిదు నిమిషాలు హమాలీలకు వదలడానికి ఏ జీవో అక్కర్లేదు, మార్కెట్ కార్యదర్శి తలచుకుంటే రేపు ఉదయమే అవుతుంది. హమాలీ ఛార్జీల పట్టికలో ఆ అయిదు నిమిషాలకు పైసలు చేర్చడానికి మాత్రం మార్కెట్ కమిటీ కూర్చుని తీర్మానం చేయాలి.