ఈఎస్‌జీ రేటింగు గారికి ఒక మదుపరి మనవి

మహారాజశ్రీ ఈఎస్‌జీ రేటింగు గారికి,

ఒక కంపెనీ మోసే పర్యావరణం (ఈ), సమాజం (ఎస్), పాలన (జీ) అనే మూడు పెద్ద బరువులను ఒక్క గ్రేడులోకి కుదించి మా చేతిలో పెడుతున్న తమ సామర్థ్యానికి ముందుగా నమస్కారం. 2004లో ఐక్యరాజ్యసమితి చొరవతో వచ్చిన ఒక నివేదిక తమ పేరును ప్రచారంలోకి తెచ్చింది. అది మొదలు, తమ ముద్ర వేసుకున్న ఫండ్లను అమ్మేవారు రిస్కు తగ్గుతుందనీ, రాబడి పెరుగుతుందనీ ఒకేసారి రెండు వరాలు ప్రసాదిస్తున్నారు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్న కోరిక మాకు ఎప్పటినుంచో ఉన్నదే గానీ, దానికి గ్రేడు కూడా ఇస్తారని అనుకోలేదు.

సంప్రదాయ మదుపు లెక్క కాస్త మొరటుది. రిస్కు మోసినవాడికే అదనపు రాబడి అంటుంది. తమరు మెచ్చిన కంపెనీ నిజంగా భద్రమైనదైతే, ఆ సంగతి తెలిసినవారంతా ఎగబడి కొని ధర పెంచుతారు. ఆ ధరకు కొన్నవారికి తర్వాత మిగిలే రాబడి తగ్గుతుంది. తమరు వెలివేసిన షేరు చౌకగా పడి ఉంటుంది గనుక, మొహమాటం లేకుండా దాన్ని ఏరుకున్నవాడికి లాభం మిగులుతుంది. మద్యం, పొగాకు, జూదం కంపెనీల షేర్లు తోటి షేర్లకంటే ఎక్కువ రాబడి ఇచ్చాయని హాంగ్, కాస్పర్‌జిక్ అనే ఆర్థికవేత్తలు 2009లోనే లెక్కగట్టి చూపించారు.

మధ్యలో కొన్నేళ్లు తమ ఫండ్లు బాగా పెరిగిన మాట నిజమే. కొత్త డబ్బు వచ్చి పడుతున్నంతకాలం ఏ షేరైనా పెరుగుతుంది. పైగా వాటిలో చాలావరకు టెక్నాలజీ షేర్లు ఎక్కువ, చమురు తక్కువ. 2022లో అమెరికాలో పెద్ద కంపెనీల షేర్లను కొలిచే ఎస్‌అండ్‌పీ 500 సూచీ సుమారు 19 శాతం పడిపోయి, అందులోని ఇంధన రంగం మాత్రం దాదాపు 59 శాతం పెరిగినప్పుడు, పుణ్యఫలాన్ని దీర్ఘకాలంలో చూడమని సెలవిచ్చారు. బొగ్గు, చమురు షేర్లు కొన్న సంప్రదాయులు మాత్రం సుఖంగా నిద్రపోయారా అంటే అదీ లేదు. బొగ్గు దిగ్గజం పీబాడీ 2016లో దివాలా రక్షణ కోరింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్ (ముందస్తు కొనుగోలు ఒప్పందాల) ధర సున్నా కిందికి జారి, బ్యారెల్‌కు మైనస్ 37 డాలర్లను దాటింది.

ఇంతకూ తమ కొలత సంగతి. 2015 సెప్టెంబరులో, తమ తరహా మార్కులతో కంపెనీలను ఎంచే డౌ జోన్స్ సుస్థిరత సూచీ ఫోక్స్‌వ్యాగన్‌ను కార్ల కంపెనీలలో అగ్రగామిగా నిలబెట్టింది. అదే నెలలో డీజిల్ పొగ పరీక్షల మోసం బయటపడింది, మరుసటి నెలలో సూచీ నుంచి తొలగింపూ జరిగింది. ఆరు రేటింగు సంస్థల గ్రేడులను పోల్చిన బెర్గ్, కోల్‌బెల్, రిగోబాన్ అనే పరిశోధకులకు వాటి మధ్య దొరికిన సగటు సహసంబంధం (పూర్తిగా ఏకీభవిస్తే 1) 0.54, అప్పుల పరపతి రేటింగుల మధ్య అది 0.9కి పైనే ఉంటుంది. ఒకరి ఆదర్శ కంపెనీ మరొకరి దగ్గర అత్తెసరు మార్కులతో గట్టెక్కుతోందన్నమాట. అంతకంటే చోద్యం, తమలో చాలామంది కొలిచేది లోకంవల్ల కంపెనీకి వచ్చే ముప్పును. కంపెనీవల్ల లోకానికి వచ్చే ముప్పును కాదు. ఆ తేడా ఫండు కరపత్రంలో పచ్చని ఆకు బొమ్మ చాటున ఎక్కడుందో వెతికి చూశాను.

మనస్సాక్షి కోసం కొంత రాబడి వదులుకోవడానికి నాకు అభ్యంతరం లేదు; అది నా ఇష్టం, నా డబ్బు. ఆ వదులుకునేదాన్ని లాభమని అమ్మవద్దనే నా మనవి. ఇకపై తమ ముద్ర పక్కనే ఏ రంగాలను తప్పించారో, అదే రంగాల పాళ్లున్న మామూలు సూచీ ఎంత రాబడి ఇచ్చిందో, నిర్వహణ రుసుము దానికంటే ఎంత ఎక్కువో అచ్చు వేయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తమ గ్రేడు చూసి యూనిట్లు కొన్న ఒక మదుపరి