అయిదు రోజుల మాత్ర, ఏడాది పొడవునా ఫొటో

ఉచిత వైద్య శిబిరాలను ఎద్దేవా చేసేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్లను తీవ్రంగా ఖండిస్తున్నాను. శిబిరాల్లో ఏ లోపమూ లేదు. లోపమంతా రోగాల్లోనే ఉంది. ఆదివారం పదింటికి వచ్చి ఒంటిగంటకు సర్దుకుని వెళ్లిపోవాలన్న క్రమశిక్షణ వాటికి లేదు.

ఒడిశాలోని బరంపురంలో మా తెలుగు బస్తీనే తీసుకోండి. ఆడవాళ్లు అప్పడాలు ఒత్తుతారు. మగవాళ్లలో కొందరికి ఇంకా మగ్గం ఉంది, మిగతావాళ్లది రిక్షా, మూటల పని. పొద్దస్తమానం నేల మీద కూర్చుని అప్పడాల కర్ర తిప్పితే నడుమూ భుజమూ పట్టేయక ఏం చేస్తాయి? దానికి శిబిరంలో కాల్షియం మాత్ర ఇస్తారు. కళ్లు తిరిగితే ఐరన్. అర్థం కానివాటన్నిటికీ బీ కాంప్లెక్స్. ఎవరి మీదా పక్షపాతం చూపని వైద్యం.

మొన్న జరిగిన శిబిరానికి ముందురోజే ఆటోకి మైకు కట్టి చాటారు: షుగర్ పరీక్ష ఉంది, పరగడుపున రండి. జనం అలాగే వచ్చారు. ముఖ్య అతిథి పదకొండున్నరకు వచ్చారు. పరగడుపు ఇంత పకడ్బందీగా ఏ కార్పొరేట్ ఆసుపత్రి చేయిస్తుంది, చెప్పండి? తర్వాత జ్యోతి వెలిగించారు, శాలువాలు కప్పుకున్నారు, ఆరోగ్యమే మహాభాగ్యమని నలుగురు నాలుగుసార్లు సెలవిచ్చారు. ఒకే మాత్రల డబ్బాని ఆరు చేతులు పట్టుకుని ఫొటో దిగాయి. డాక్టరుగారు (ఆయన నిజంగా మంచి మనిషి, ఆదివారం నిద్ర మానుకుని వచ్చారు) మిగిలిన గంటలో బస్తీ మొత్తాన్ని చూశారు.

ఈలోగా ఒక ముసలమ్మ గొడవ పెట్టింది. బీపీ ఎక్కువుందని అయిదు రోజులకు మాత్రలిస్తే పుచ్చుకుని వెళ్లక, “అయిదు రోజులయ్యాక ఏటి సెయ్యాల బాబూ?” అని అడిగింది. “మళ్లీ శిబిరం పెడతాం కదమ్మా” అన్నాడు వాలంటీరు. “ఎప్పుడు?” అందామె. ఇదీ కృతజ్ఞత! బీపీని ఒక్కసారి చూసి తేల్చకూడదనీ, ఇంకో రోజు మళ్లీ చూడాలనీ, మాత్ర మొదలుపెడితే ఒంట్లో బాగున్నా రోజూ మింగాల్సిందేననీ వైద్యం చదివినవాళ్లు అంటారు. నిర్వాహకులు అంత దూరం ఆలోచించే మనుషులు కారు. శిబిరానికీ శిబిరానికీ మధ్య బీపీ పెరగకూడదని తీర్మానం చేస్తే సరిపోతుంది.

ప్రభుత్వం సంగతి అంటారా? 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చింది. దాని లెక్క ప్రకారం యాభై వేల జనాభాకు ఒక పట్టణ ఆరోగ్య కేంద్రం, బస్తీలకు ఆశా కార్యకర్తలు ఉండాలి. ఒడిశా సర్కారు ఆసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇవ్వడానికి నిరామయ పథకం ఉంది. 1962 నుంచీ ఊళ్లో మెడికల్ కాలేజీ ఉంది, రాష్ట్రం దాటి ఇచ్ఛాపురం నుంచి కూడా జనం వైద్యానికి బరంపురం వస్తారు. ఇన్ని ఉండగా శిబిరమెందుకని అడగకండి. ఆ కేంద్రంలో నెలనెలా మాత్రలు తీసుకునే ముసలమ్మకు ఫొటో ఎవరు తీస్తారు?

ఒక కుర్రాడు కమిటీ ముందు ప్రమాదకరమైన ప్రతిపాదన పెట్టాడు. శాలువాల డబ్బుతో మన బస్తీ అమ్మాయికే నెలకింతని ఇద్దాం, బీపీ, షుగర్ ఉన్నవాళ్ల పేర్లు ఆమె పుస్తకంలో రాసుకుంటుంది, మాత్రలు అయిపోకముందే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తుంది, లైన్లో పక్కన నిలబడుతుంది అన్నాడు. అప్పడాలవాళ్లకు పగలు కూలి పోతుంది కాబట్టి కేంద్రాన్ని సాయంత్రం కూడా తెరిచి ఉంచమని అర్జీ పెడదామన్నాడు. కమిటీ సుదీర్ఘంగా చర్చించి తిరస్కరించింది. పుస్తకంలో పేర్లు రాయడాన్ని ప్రారంభించడానికి ఏ ముఖ్య అతిథి వస్తాడు? రిబ్బను ఎక్కడ కడతారు?

వచ్చే నెల కంటి శిబిరం. కళ్లజోళ్లు ఇప్పటికే టోకున కొనేశారు, అన్నీ ఒకే పవరు. చూపు ఆ పవరుకు సరిపోయేవాళ్లు ముందుగా పేర్లు నమోదు చేసుకోగలరు.