ఎడమపక్క కూర్చోవాలా, కుడిపక్కనా?

కర్నూలు, ఎ.క్యాంపు. నాయనకు మెదడు కుడి భాగంలో స్ట్రోక్ వచ్చి రెండు నెలలు దాటింది. చూపు బాగానే ఉంది గానీ ఎడమపక్క అనేదొకటి ఉందన్న ధ్యాసే ఆయనకు లేదు. అక్క ఫిజియోథెరపిస్టు. తమ్ముడు రాత్రింబగళ్లు ఆయన్ను కనిపెట్టుకుని ఉండేవాడు.

తమ్ముడు: మంచం తిప్పింది నువ్వేనా అక్కా? వచ్చినోళ్లంతా ఇప్పుడు ఎడమపక్కే కూర్చుంటున్నారు.

అక్క: నేనే. అన్నీ కుడిపక్కే అందిస్తుంటే ఎడమపక్క చూడాల్సిన పని ఆయనకేముంది?

తమ్ముడు: నిన్న చిన్నాన్న ఎడమపక్క కూర్చుని ‘ఎట్లుండావన్నా?’ అంటే, నాయన కుడిపక్కనున్న నా దిక్కు తిరిగి జవాబు చెప్పినాడు. చిన్నాన్న మొగం చూడలేకపోయినా.

అక్క: అదే జబ్బు రా. మెదడు ఎడమ భాగం ఎక్కువగా కుడిపక్కనే గమనిస్తాది, కుడి భాగం రెండుపక్కలా చూసుకుంటాది. అది దెబ్బతింటే ఎడమపక్కకు దిక్కుండదు. 1978లో ఇటలీలో బిజియాక్, లుజాటి అనే పరిశోధకులు ఇట్లాంటి రోగులను మిలాన్ చర్చికి ఎదురుగా నిలబడినట్టు ఊహించుకుని, చుట్టూ ఉన్న భవనాలు చెప్పమన్నారు. కుడిపక్క భవనాలే చెప్పినారు. చర్చి దగ్గర నిలబడి ఇటు చూస్తున్నట్టు అనుకోమంటే, ముందు వదిలేసినవే చెప్పినారు! మొన్న నాయనను రాజ్‌విహార్‌కు పోయే తోవ, వచ్చే తోవ చెప్పమన్నా. అచ్చం అట్లనే.

తమ్ముడు: జబ్బు తెలిసింది, మందేది? మొదటి నెలల్లో చాలామందికి దానంతటదే కొంత నయమవుతాదంటివి. 2021లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్లు పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, ఈ కసరత్తుల్లో దేనికీ గట్టి రుజువు లేదన్నారు గదా.

అక్క: రుజువు చాలదన్నారు, పనికిరాదనలేదు. నాయన చదివే పేపరు ఎడమ అంచున ఎర్ర టేపు అంటించినా. ప్రతి వరుసకూ ఆ ఎరుపు కనపడేదాకా వెనక్కి రావాల. నాలుగో వరుసకు నేను చెప్పకుండానే వచ్చినాడు.

తమ్ముడు: ఐదో వరుసకు నిద్రపోయినాడు, అది చెప్పవేం? జొన్నరొట్టె ఎడమ సగం అట్లనే మిగిల్చి ‘ఇంకోటి పెట్టు’ అంటాడు. నేను తట్ట తిప్పితే తింటాడు. నువ్వేమో తిప్పనీయవు. ఆకలిగొన్న మనిషికి పరీక్షా?

(ఈ మాటలో పస ఉంది. అక్క కాసేపు పలకలేదు.)

అక్క: అలిసినప్పుడు ధ్యాస నిలవదు, నిజమే. రెండుపక్కలా ఒకేసారి పిలుపొస్తే కుడిదే గెలుస్తాది. కుడిపక్క ఆ టీవీ మోగుతుంటే నా కసరత్తు దండగ. పొద్దున పూట ఆపు.

తమ్ముడు: ఆపుతా. తిండి దగ్గర మాత్రం నా మాటే. చిన్నాన్న వస్తే కుర్చీ కుడిపక్కే.

అక్క: కుర్చీ ఎట్లన్నా ఏసుకో. తట్ట తిప్పే ముందు ‘ఎడమపక్క చూడు నాయనా’ అని ఒక్కమాట అను.

తమ్ముడు: ఒక్కసారే అంటా. చూడకపోతే తిప్పేస్తా.